బస్టాండు దాకా పోయి వచ్చే మనిషి

పదిహేనేళ్లుగా ఇతరుల రక్తం తీసి పరీక్ష చేయడం నా పని. జమ్మికుంటలో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌ని. పోయిన చలికాలం ఒక పొద్దున ఎవరూ రాకపోతే, ఊరికే కూర్చోలేక నా వేలు నేనే పొడుచుకుని చక్కెర చూసుకున్నాను. వచ్చిన అంకె నమ్మబుద్ధి కాలేదు. మిషన్ పాడైందేమోనని ల్యాబు ఊడ్చే ఆవిడను బతిమాలి ఆమె వేలు కూడా పొడిచాను. ఆమెకు బాగానే ఉంది. మిషన్ కూడా బాగానే ఉంది.

పై అంతస్తులో కూర్చునే డాక్టరు నా రిపోర్టు చూసి మందులేమీ రాయలేదు.

"అంచు మీదున్నవమ్మా. రాత్రి అన్నం తగ్గియ్యి. రోజూ నలభై నిమిషాలు నడువు," అన్నాడు.

"నడుస్తనే ఉంట సార్. ఇంట్ల, ల్యాబుల, కూరగాయలకు..."

"అది నడుసుడు కాదు, తిరుగుడు. చెమట పట్టాలె. ఎక్కడ ఆగద్దు, ఎవ్వలతోని మాట్లాడద్దు. నడుసుకుంట ముచ్చట పెట్టినవంటే ఆ నడక దండుగ."

నేను చిన్నప్పటి నుంచి చెప్పిన మాట వినే మనిషిని. బడిలో టీచరు చేతులు కట్టుకొమ్మంటే, విప్పుకొమ్మని మళ్లీ చెప్పేదాకా కట్టుకునే ఉండేదాన్ని. డాక్టరు ఆగొద్దన్నాడు, మాట్లాడొద్దన్నాడు. సరేనన్నాను.

మా గల్లీ నుంచి బస్టాండుకు గట్టిగా నడిస్తే ఇరవై నిమిషాలు. పోను ఇరవై, రాను ఇరవై. లెక్క సరిపోయింది. ఆదివారం బజారుకు పోయి బూట్లు కొన్నాను. జన్మలో మొదటిసారి బూట్లు తొడుగుతున్నాను కదా, మడమల దగ్గర కరిచి పెట్టాయి. అందుకని వచ్చేటప్పుడు మార్చుకోవడానికి చెప్పులు, ఒక శాలువా, నీళ్ల సీసా, అన్నీ ఒక బట్ట సంచిలో కుక్కి భుజానికి తగిలించుకున్నాను. మర్నాడు గడప దాటేసరికి అప్పుడే తెల్లవారుతోంది. సంచి ఉబ్బి ఉంది. చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్డులో దోపుకుని, పళ్లు బిగించి బయలుదేరాను.

మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉంటుంది. చుట్టం కాదు, కానీ గల్లీ అంతా ఆమెను అలాగే పిలుస్తుంది. పొద్దుపొడుపు కంటే ముందే గడప మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. చేతులు వాటంతటవే పని చేస్తాయి కాబట్టి కళ్లకు ఖాళీ ఎక్కువ.

"ఎటు పోతున్నవ్ బిడ్డా?" అంది.

నేను అరచేయి ఎత్తి చూపించి, ఆగకుండా పోయాను. తర్వాత చెబుతాను అని నా ఉద్దేశం.

బస్టాండు గేటు దగ్గర ఒక ఇనుప స్తంభం ఉంది. దాన్ని ముట్టుకుని వెనక్కి తిరగాలని పెట్టుకున్నాను. అది పత్తి కాలం. మార్కెట్ యార్డు దగ్గర పత్తి ట్రాక్టర్లు, వ్యాన్లు చీకటి ఉండగానే వచ్చి బారు కడతాయి. రోడ్డు మీదంతా దూది తేలుతుంటుంది. ఆ నూగు నా కళ్లకు పడదు. తిరిగి వచ్చేసరికి రెండు కళ్లూ ఎర్రబడి, ధారగా నీళ్లు కారుతుండేవి. బూట్లు కరవడం వల్ల కుంటడం సరేసరి.

రెండో రోజు పెద్దమ్మ మళ్లీ అడిగింది. మళ్లీ అరచేయి చూపించాను. మూడో రోజు ఆమె అడగలేదు. నన్ను చూసి చాటలోకి తల వంచుకుంది. నాలుగో రోజుకు గల్లీలో ఎవరూ అడగడం మానేశారు. నేను వస్తుంటే మాట్లాడుకునేవాళ్లు మాట ఆపి దారి ఇచ్చేవాళ్లు. మన దగ్గర కూడా మనుషులకు ఆరోగ్యం అంటే ఏమిటో తెలుస్తోందని నేను సంతోషపడ్డాను.

ఆ తర్వాత పెద్దమ్మ మా ఇంటికి తినేవి పంపడం మొదలుపెట్టింది. ఒకరోజు సర్వపిండి, ఒకరోజు పచ్చిపులుసు, ఇంకొకరోజు కోడిగుడ్ల కూర. స్వయంగా తెచ్చి నా చేతిలో పెట్టి, "తిను బిడ్డా. తిండి మీద కోపం చూపియ్యద్దు. రాత్రి అన్నం తింటలేవట," అంది.

"డాక్టర్ తగ్గియ్యమన్నడు పెద్దమ్మా," అని చెబుదామనుకునేలోపే నా తల నిమిరి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఒకరికి చక్కెర వస్తేనే ఇంత బాధపడుతుందే, ఎంత మంచి మనిషి అనుకున్నాను.

పెద్దమ్మ కొడుకు ఆటో నడుపుతాడు. తెల్లవారుజామునే బస్టాండు ముందు ఆటో పెడతాడు. మొదట్లో నన్ను చూసి తల ఊపేవాడు. వారం దాటాక, నేను గేటు దగ్గరికి రాగానే ఆటో దిగి నిలబడడం మొదలుపెట్టాడు. నేను స్తంభం ముట్టుకుని వెనక్కి తిరిగితే గట్టిగా ఊపిరి వదిలి మళ్లీ కూర్చునేవాడు. ఒకరోజు ఎదురుగా వచ్చి ప్లాస్టిక్ గ్లాసు చాపాడు.

"అక్కా, జర కూసో. చాయ్ తాగి నిమ్మలంగ ఆలోచన చెయ్యి."

చాయ్ తాగడానికి ఆలోచన ఎందుకో నాకు అర్థం కాలేదు. అందులో చక్కెర కూడా ఉంటుంది. అరచేయి చూపించి వెనక్కి తిరిగాను.

మా ఆయనది మోటార్లు వైండింగ్ చేసే దుకాణం. పొలాల్లో కాలిపోయిన మోటార్లు తెచ్చిస్తే రాగి తీగ చుట్టి బాగుచేస్తాడు. ఒక సాయంత్రం మామూలు కంటే ముందే ఇంటికి వచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం ఉంది. చక్కెర ఉన్న మనిషికి జిలేబీ తెచ్చాడంటే ఏదో తేడా ఉందని నాకు అనుమానం వచ్చింది. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తప్పు నాదే," అన్నాడు.

"ఏ తప్పు?"

"నువ్వే చెప్పు."

"నాకేం ఎరుక? తప్పు చేసింది నువ్వాయె."

ఆయన అప్పుడు సంగతి చెప్పాడు. పది రోజులుగా దుకాణానికి వచ్చిన ప్రతి మనిషీ మోటారు కింద పెట్టి, ఆడమనిషి మనసు కష్టపెట్టొద్దని చెప్పి పోతున్నారట. ఆయన నాతో లొల్లి పెట్టుకున్నట్టు ఎంత గుర్తు చేసుకున్నా గుర్తుకు రావడం లేదట. ఇంత మంది అంటున్నారంటే ఏదో చేసే ఉంటాననే నిర్ణయానికి వచ్చాడు. అది ఏదో తెలియదు కాబట్టి అన్నీ ఒప్పేసుకుంటే సరిపోతుందని మొదలుపెట్టాడు.

"మిక్సీ కాలింది వోల్టేజీకి కాదు. దాన్ల నేను ఇసుక రుబ్బి చూసిన."

"ఇసుకనా?"

"మోటార్ ఎంత గట్టిదో చూద్దామని. ఇంకోటి, మీ తమ్ముని పెండ్లప్పుడు అర్జెంటు మోటారుందని మధ్యల లేచి వచ్చిన గదా. మోటార్ లేదు, ఏం లేదు. దుకాణంల పండుకున్న."

నేనేమీ అనలేదు. నేను అనకపోవడం చూసి, ఇంకా పెద్దది ఏదో బయటికి రావాలనుకున్నాడు పాపం.

"అత్తమ్మ పంపిన మామిడికాయ తొక్కు..." అని ఆగాడు. "జాడీల బల్లి పడ్డదని పారబోసినంటి గదా. బల్లి పడలే. నా చెయ్యి జారి జాడీ పలిగింది."

అది పదకొండేళ్ల కిందటి సంగతి. మా అమ్మది ఇచ్చోడ. ప్రతి ఎండాకాలం అక్కడి నుంచి ఏడాదికి సరిపడా తొక్కు పెట్టి పంపిస్తుంది. ఆ ఒక్క ఏడు మేం తొక్కు లేకుండా తిన్నాం. ఆ కోపంతో నేను అప్పటి నుంచి మా ఇంట్లో ఒక్క బల్లినీ బతకనివ్వలేదు. చీపురు పట్టుకుని కుర్చీలెక్కి మరీ తరిమాను. ఒకసారి కుర్చీ మీది నుంచి పడి మోకాలు కూడా కొట్టుకుంది. పాపం, వాటికేం తెలుసు.

జిలేబీ ఆయనతోనే తినిపించాను. అప్పటికీ మా ఇద్దరికీ అసలు సంగతి తెలియలేదు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం వంట చేస్తుంటే ఇంటి ముందు ఆటో ఆగింది. దిగింది మా అమ్మ. ఒక చేతిలో జొన్నపిండి మూట, ఇంకో చేతిలో బట్టల సంచి. ఇచ్చోడ నుంచి కరీంనగర్, కరీంనగర్ నుంచి జమ్మికుంట రెండు బస్సులు మారి వచ్చింది. ఆమె వెనకాలే పెద్దమ్మ, పెద్దమ్మ వెనకాల ఆమె కొడుకు లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. మంచినీళ్లు ఇస్తే మా అమ్మ ముట్టుకోలేదు. మా దిక్కు పంచాయితీకి వచ్చినవాళ్లు మాట తేలేదాకా నీళ్లు ముట్టరు.

"బట్టలు సర్దుకో. పోదాం," అంది నాతో.

లోపలి గదిలో నుంచి మా ఆయన వచ్చాడు. అత్తగారిని చూడగానే ముఖం పాలిపోయింది. నిన్న సాయంత్రం ఒప్పుకున్న సంగతి మధ్యాహ్నానికల్లా ఇచ్చోడకు చేరిందనుకున్నాడు. చేతులు జోడించాడు.

"తప్పయింది అత్తమ్మా. చెయ్యి జారింది."

మా అమ్మ కుర్చీలో నుంచి లేచింది. "చెయ్యి జారిందా? ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. పదకొండేండ్ల కింద."

"పదకొండేండ్ల సంది కడుపుల పెట్టుకున్నది చూడు నా తల్లి," అని పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆమెకు గూడ తెల్వది. నిన్ననే చెప్పిన," అన్నాడు మా ఆయన.

పెద్దమ్మ కొడుకు, "గదెట్ల బావా? కొడితే తెల్వదా?" అన్నాడు మెల్లగా.

"కొట్టుడేంది? జాడీ పలిగింది," అన్నాడు మా ఆయన.

ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ గొడవలో నుంచి నేను ముక్కలు ఏరుకుని తెలుసుకున్నది ఇదీ. నేను భర్తతో పడక, రోజూ తెల్లారగట్ల బట్టలు సర్దుకుని తల్లిగారింటికి బయలుదేరుతున్నాను. బస్టాండు గేటు దాకా పోతాను, మనసు ఒప్పదు, స్తంభం పట్టుకుని కాసేపు ఆలోచించి ఏడ్చుకుంటూ తిరిగి వస్తాను. ఎవరైనా పలకరిస్తే ఏం అడగొద్దని చెయ్యి అడ్డం పెడతాను. ఇట్లా ఇరవై రోజులు చూసి చూసి, ఇక ఆగలేక పెద్దమ్మ మా అమ్మకు ఫోన్ చేసింది. వాళ్లిద్దరూ మా ఇంటి గృహప్రవేశం నాటి నుంచి వారానికొకసారి ఫోన్లో మాట్లాడుకుంటారని కూడా నాకు ఆరోజే తెలిసింది.

నేను డాక్టరు చెప్పిందంతా చెప్పాను. సంచి తెచ్చి చెప్పులు, శాలువా తీసి చూపించాను.

పెద్దమ్మ చెప్పులు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "అంటే, ఏం పని లేకుండనే బస్టాండు దాకా పోయి వస్తున్నవా?"

"అవును పెద్దమ్మా."

"రోజూ?"

"రోజూ."

"గంతకంటే మొగనితోని లొల్లి పెట్టుకున్నా ఒక తీరుగ ఉంటుండె బిడ్డా."

ఆమె కొడుకు గోడ దగ్గరే నేల మీద కూర్చుండిపోయాడు. నేను తొందరపాటుతో ఏ బస్సో ఎక్కేస్తానేమోనని, నేను వచ్చి వెనక్కి తిరిగేదాకా రోజూ పొద్దున మొదటి గిరాకీ ఎక్కించుకోకుండా ఆగేవాడట. ఆ మాట కూడా తను చెప్పలేదు, వాళ్లమ్మ చెప్పింది. ఆ ఇరవై రోజులూ పళ్లు బిగించి ఒక్కదాన్నే నడుస్తున్నాననుకున్నాను. పక్కన ఇంత మంది ఉన్నట్టు చూడనేలేదు. కళ్లలో నీళ్లు వచ్చాయి. ఈసారి దూది వల్ల కాదని ఎవరికీ చెప్పుకోలేదు.

మా అమ్మ అప్పుడు నీళ్లు తాగింది. తాగి గ్లాసు కింద పెట్టి అల్లుడి వైపు తిరిగింది.

"బల్లి పడ్డదంటే నా చేతి శుద్ధం మీద నాకే అనుమానమొచ్చింది అల్లుడా. అప్పటి సంది జాడీకి రెండు గుడ్డలు కట్టి, పైన రాయి పెడుతున్న. పదకొండేండ్లు రాళ్లు మోసిన."

మా ఆయన మళ్లీ చేతులు జోడించాడు. మా అమ్మే మెత్తబడి, "బస్ ఝాలా," అంది. ఆదిలాబాద్ దిక్కు మనిషి కదా, మాటల్లో మరాఠీ దొర్లుతుంది. ఇక చాలు, అయిపోయింది అని దాని అర్థం.

పెద్దమ్మకు అందులో బస్సు ఒక్కటే వినబడింది. "బస్సుకు ఇప్పుడే తొందరేంది వదినా? రాకరాక వస్తివి. నాలుగొద్దులుండి పో," అంది.

నాలుగు రోజులన్నది తొమ్మిది రోజులైంది. "ఈ నడుసుడేందో నేను గూడ చూస్త," అని మా అమ్మ రెండో రోజు నుంచి నాతో బయలుదేరింది. మూడో రోజు పెద్దమ్మ కూడా చాట పక్కన పెట్టి వచ్చింది. ఇరవై నిమిషాల దారి గంటంబావు పట్టేది. మా అమ్మకు తెరిచిన తలుపు కనబడితే చాలు, నిలబడుతుంది.

మూలమీది ఇంట్లో ఒక పెద్దాయన ఉంటాడు. ఆయన ఎడమ చేతి నరం దొరకదని, కుడి చేతికే సూది వేయాలని నాకు పదేళ్లుగా తెలుసు. తెలిసింది అంతే. ఆయన తన మేకకు మనవడి పాత స్కూలు స్వెట్టరు తొడుగుతాడని, దాని ముందు కాళ్లకు చేతులు సరిపోయేటట్టు తనే కత్తిరించి కుట్టాడని ఆ వారమే చూశాను. "మెడ కాడ జర బిగిసింది," అని ఆయన మా అమ్మతో పావుగంట మాట్లాడాడు. మేక కూడా అక్కడే నిలబడి కొలత ఇచ్చింది.

మార్కెట్ దగ్గర ఇంకో తమాషా. బారులో నిలిచిన ట్రాక్టర్ మీద నుంచి మా అమ్మ చిటికెడు పత్తి లాగి, వేళ్ల మధ్య సాగదీసి చూసింది. "మా ఇచ్చోడ దిక్కు పింజ ఇంతకంటే పొడుగుంటది," అంది. పత్తి మీద దుప్పటి కప్పుకుని పడుకున్న రైతు ఆ మాటకు లేచి కూర్చున్నాడు.

"ఏం చెప్తున్నవ్ అవ్వా? ఇంకోసారి చూడు."

మా అమ్మ ఇంకోసారి చూసింది. మళ్లీ అదే మాట చెప్పింది. ఆయన లోపలి నుంచి ఇంకో పిడికెడు తీసి ఇచ్చాడు. ఇద్దరూ పింజలు పక్కపక్కన పెట్టి గోటితో కొలిచారు. తెలుపు విషయంలో మాత్రం మా అమ్మ ఒప్పుకుంది. ఆయన చల్లబడి ఫ్లాస్కులో చాయ్ పోసి ఇచ్చాడు. ముగ్గురం ట్రాక్టర్ నీడన నిలబడి తాగాం. నాకు సగం గ్లాసు చాలని పెద్దమ్మ ఆయనకు నా చక్కెర సంగతంతా వివరించింది.

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేసుకుంటే అంకె కొంచెం దిగింది. డాక్టరు మెచ్చుకుని, "ఎవ్వలతోని మాట్లాడకుండ నడుస్తున్నవా?" అని అడిగాడు. నేను తల ఊపాను. ఏ వైపు ఊపానో ఆయన సరిగా చూడలేదు.

మా అమ్మ వెళ్లిన రోజు సంగతి కూడా చెప్పాలి. పెద్దమ్మ, నేను బస్టాండు దాకా పోయాం. బట్టల సంచికి తోడు గల్లీవాళ్లు ఇచ్చినవి ఇంకో మూడు సంచులయ్యాయి. వాటిని సర్దడానికి మేమిద్దరం కూడా కరీంనగర్ బస్సెక్కాం. మా అమ్మకు కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టాం. అప్పుడే పెద్దమ్మ, "తొక్కుల ఏమేం ఎంతెంత ఏస్తవు వదినా?" అని అడిగింది. మా అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ముక్కలు ఎట్లా కోయాలో, ఉప్పు ఎంతసేపు ఎండబెట్టాలో చెబుతోంది. వింటూ వింటూ మేం కూడా పక్క సీట్లో కూర్చున్నాం. కండక్టర్ వచ్చి భుజం తట్టేదాకా బస్సు కదిలినట్టే తెలియలేదు.

"ఆడోళ్లు ఆధార్ కార్డులు తీయుండ్రి, ఫ్రీ టికెట్ కొడ్త."

"మేం పోయేటోళ్లం కాదు బిడ్డా, దింపేటోళ్లం," అంది పెద్దమ్మ.

"కిందుంటే దింపేటోళ్లు పెద్దమ్మా. బస్సెక్కితే పాసింజర్లే. ఊరు దాటి రెండు కిలోమీటర్లయింది."

బయటికి చూస్తే రెండు వైపులా పత్తి చేన్లు. ముందు స్టేజీ దగ్గర మమ్మల్ని దించేశారు. మా అమ్మ కిటికీలో నుంచి తల బయటపెట్టి ఇంకా చెబుతూనే ఉంది. "మెంతిపొడి మాత్రం..." అన్నంత వరకు వినబడింది. బస్సు వెళ్లిపోయింది.

"ఎక్కువేయాలన్నదా, తక్కువేయాలన్నదా?" అంది పెద్దమ్మ.

"వినరాలే."

"గదే ముఖ్యమైన ముక్కాయె."

దాని మీద వాదించుకుంటూ వెనక్కి నడిచాం. కొంచెం దూరం పోయాక ఒక చేను గట్టున పత్తి ఏరే ఆడవాళ్లు సద్దికి కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చారు. రొట్టె, పచ్చిమిరపకాయల కారం పెట్టారు. వాళ్లలో ఒకావిడది పెద్దమ్మ పుట్టిన ఊరి పక్క ఊరు. అంతే, ఇద్దరూ చుట్టరికం తవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ మేనత్త కొడుకు, పెద్దమ్మ చిన్నాయన తోడల్లుడు ఒకరే అయి ఉండాలని ఒక దారిలో పోయారు. అది కుదరక ఇంకో దారిలో వచ్చారు. నేను మధ్యలో నీళ్లు అందిస్తూ కూర్చున్నాను. ల్యాబు తెరిచే వేళ దాటిపోతోందని తెలుస్తూనే ఉంది. లేవబుద్ధి కాలేదు.

అరగంట వెతికాక తేలిందేమిటంటే, వాళ్లిద్దరూ ఏమీ కారు. ఆ మేనత్త కొడుకు, ఈ తోడల్లుడు వేరు వేరు మనుషులు. కానీ అప్పటికే ఒకరినొకరు వదినా అని ఎన్నోసార్లు పిలుచుకున్నారు. ఇప్పుడు మానేస్తే బాగుండదని అలాగే ఉంచుకున్నారు. లేచి వస్తుంటే ఆవిడ మా ఇద్దరి కొంగుల్లోనూ చెరి గుప్పెడు కందికాయలు పోసింది. అవి వలుచుకు తింటూ ఊళ్లోకి వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది.